5183 బిళ్ళలు, ఒక్క భాగాహారం

ఒక్క భాగాహారానికి బద్ధకించి, నా చదువును నేనే మా వాకిట్లో పాతిపెట్టబోయిన వైనం ఇది. చేసింది నేను కాబట్టి మీరు నిస్సంకోచంగా నవ్వుకోవచ్చు.

డెబ్బైలలో మాట. మా ఇల్లు హైదరాబాదు పాతబస్తీలో, శాలిబండలో. నేను అప్పుడే బీఎస్సీ లెక్కలు పాసై, కూరగాయల బండివాడికి కూడా సిద్ధాంతాలు చెబుతున్న రోజులు. ఈ సంగతి జరిగిన మర్నాడే ఎమ్మెస్సీలో చేరడానికి ఆఖరు తేదీ. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే మా బాపు ఇంకా ఊగిసలాడుతున్నాడు. ఆయన అన్న, అంటే మా పెద్దబాపు, "ఆడపిల్లకు గింత చదువు చాలు తమ్మీ" అని తేల్చేశాడు.

ఆ పొద్దునే బాపు ఖాసిం మేస్త్రీని పిలిపించాడు. ఎక్కడో నవాబుల పాత భవంతి, దేవిడి, కూల్చేస్తుంటే కొన్న రంగు పింగాణీ బిళ్ళలు వాకిట్లో పరిపించాలి. అన్నీ ఒకే కొలత. లెక్కపెడితే 5183.

"ఒక్కటి గూడ కొయ్యొద్దు, ఒక్కటి గూడ మిగలొద్దు. నాలుగు మూలలు సక్కగ రావాలె" అన్నాడు బాపు.

"మరి ఎన్ని వరసలు భాయ్?"

"మా బిడ్డ జెప్తది." ఆ మాట పెద్దబాపు వైపు చూసి మరీ అన్నాడు.

పలక తెచ్చాను. డెబ్బై రెండు డెబ్బై రెళ్లు 5184. కాబట్టి డెబ్బై రెండు లోపలి ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. రెండు, మూడు, ఐదు నుంచి అరవై ఏడు దాకా ఏదీ నిశ్శేషంగా పోలేదు. ఇక మిగిలింది డెబ్బై ఒకటి. పెద్దబాపు గట్టిగా ఆవులించాడు. నాకు రోషం వచ్చింది. ఇన్నింటితో పోనిది దీనితో పోతుందా అనుకుని పలక తుడిచేశాను.

"బాపూ, ఇది ప్రధాన సంఖ్య. దేంతోని పోదు. ఒకటే పొడుగు వరస పెట్టాలె, లేకుంటే నాలుగు మూలలు రావు. ఇంకొక్క బిళ్ళ దెస్తే మాత్రం డెబ్బై రెండు వరసలైతయి."

బాపు సైకిలెక్కాడు. ఆ ఒక్క బిళ్ళ కోసం నయాపూల్ నుంచి కార్వాన్ దాకా ఎండలో తిరిగి, సాయంత్రానికి ఉత్త చేతులతో వచ్చాడు. ఈలోగా మేస్త్రీ బిళ్ళలన్నీ సున్నం లేకుండా ఉత్తగా, వరసకు డెబ్బై రెండు చొప్పున పరిచి చూశాడు. ఆఖరి వరస మూలన ఊడిన పన్నులా ఒక్క ఖాళీ.

"గిదేనా నీ బిడ్డ చదువు?" అన్నాడు పెద్దబాపు.

మేస్త్రీ బీడీ ఆర్పాడు. "జర పక్కకు జరుగు బేటీ." ఆఖరి వరసలోని డెబ్బై ఒక్క బిళ్ళలూ ఎత్తి, మిగిలిన డెబ్బై ఒక్క వరసల చివర తలా ఒకటి పెట్టాడు. అడ్డం డెబ్బై మూడు, నిలువు డెబ్బై ఒకటి. నాలుగు మూలలూ కుదిరాయి. ఒక్క బిళ్ళ మిగల్లేదు.

ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ అంటే ఎ ప్లస్ బి ఇంటూ ఎ మైనస్ బి. బళ్ళో పాటలా బట్టీపట్టిన సూత్రం నా కాళ్ల ముందే పరుచుకుని ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"చూసినవా తమ్మీ, బీయస్సీ జేసి గింత గూడ తెల్వదు."

ఇక ఎమ్మెస్సీ లేనట్టే అనుకున్నాను. ఏడుపొచ్చింది. బాపు చెమట తుడుచుకుని పెద్దబాపు వైపు తిరిగాడు.

"నిజమే అన్నా. సగం చదువుతోనే నన్ను ఒక్కన్ని పొద్దంత తిప్పింది. గిట్లనే ఇడిసిపెడితే ముంగట ఇంకెంతమందిని తిప్పుతదో. రేపే పోయి చేర్పిస్త."

ఆ వాకిట్లోనే నిలబడి ప్రమాణం చేశాను: డెబ్బై ఒకటితో భాగించి చూడకుండా ఏ సంఖ్యనూ ప్రధాన సంఖ్య అనను. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. పదమూడును కూడా ముందు డెబ్బై ఒకటితో భాగించాకే నమ్మాను.