వాన తిన్న దుంగలు

సోమయ్య చేత తప్పు ఒప్పించడానికి తయారుచేసిన కాగితాన్ని టైపు చేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఇంకెవరో చెప్పగా మీరు వినడం నాకిష్టం లేదు.

అది 1979. మా ఆఫీసు దబీర్‌పురాలో నవాబుల కాలం నాటి ఒక పాత దేవిడీ బంగళా మేడమీద ఉండేది. అక్కడ జరిగే పనల్లా చెట్లను అడిగి పాత వానల సంగతి తెలుసుకోవడం. టేకు చెట్టు ఏడాదికొక గీత చొప్పున లావెక్కుతుంది. వానలు బాగా పడ్డ ఏడు గీత వెడల్పుగా ఉంటుంది, కరువొచ్చిన ఏడు సన్నబడుతుంది. వానల రిజిస్టర్లు పుట్టకముందు సంగతులు కూడా ఆ గీతల్లో ఉంటాయి. కాకపోతే ముందు ఈ మధ్య ఏళ్ల గీతలు రిజిస్టరుతో సరిపోవాలి, అప్పుడే పాతవాటిని నమ్ముతారు. మా నాన్న గుళ్లో పంచాంగం చదివేవారు. జీతాలిచ్చి మరీ కట్టెను వానల గురించి అడుగుతున్నారా అని నన్ను ఏడిపించేవారు.

సోమయ్య అంతకుముందు స్టేషను పక్క టింబర్ డిపోలో రంపం పట్టేవాడు. డెబ్బైరెండు కరువులో దేవరకొండ దిక్కు నుంచి భార్యాబిడ్డలతో నడిచి వచ్చిన మనిషి. దారిలోనే మూడేళ్ల కూతురు పోయింది. మా దగ్గర రోజుకూలీ మీద చేరి, దుంగల చివర బిళ్లలు కోసి, బెరడు ఒలిచి, ఉప్పు కాగితంతో రుద్దేవాడు. ఎంత నున్నగా రుద్దేవాడంటే, కళ్లజోడు మరిచిపోయి వచ్చిన రోజు కూడా నేను గీతలు లెక్కపెట్టగలిగేదాన్ని. ఎవరేమన్నా నవ్వి ఊరుకునేవాడు గానీ, పనికి వంక పెడితే మాత్రం ఇంతెత్తున లేచేవాడు.

మా ఆఫీసరు సదాశివ చెడ్డవాడు కాదు, తొందర మనిషి. ఆ నెలలో డిపో దుంగల నుంచి సోమయ్య పద్నాలుగు బిళ్లలు కోసుకొచ్చాడు. అన్ని దుంగల మీదా సుత్తితో కొట్టిన 78 ముద్ర ఉంది. చెట్లు ఆ ఏడే కొట్టారనుకుని ఆయన బయటి నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ వెళ్లాడు. ఎనిమిది బిళ్లల్లో సన్నగీత సరిగ్గా డెబ్బైరెండు మీద పడింది. ఆరింట్లో డెబ్బైమూడు మీద పడింది. డెబ్బైమూడులో వానలు బాగా కురిశాయని రిజిస్టరు చెబుతోంది. సోమవారానికల్లా రిపోర్టు పోవాలి. ఆ ఆరింట్లో పై గీత ఒకటి బెరడుతోపాటు ఊడిపోయిందని సదాశివ తేల్చేశాడు. బెరడు తీసింది సోమయ్యే కదా! "నా అజాగ్రత్త వల్ల" అంటూ సోమయ్య మాటలుగా నాలుగు వాక్యాలు ఆయన చెప్పాడు, నేను టకటకా కొట్టి ఇచ్చాను. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది అందుకే.

"ఇక్కడ దస్కతు పెట్టు సోమయ్యా," అన్నాడు సదాశివ. "ఫికర్ చేయకు. వచ్చే నెల పర్మనెంటు చేయమని నీ పేరు పంపుతున్న."

సోమయ్య నాచేత చదివించుకుని విన్నాడు. మొహం ఎర్రబడింది.

"గీత పోలేదు సార్. నేను బెరడు తీస్తే గోరంత కట్టె గూడ లేవది. మీ లెక్కనే తప్పింది."

"ముద్ర కనబడుతలేదా? డెబ్బైఎనిమిది."

"ముద్ర అడవిల కొట్టరు సార్, డిపోల దించుకున్నంక కొడ్తరు. గీ ఆరు దుంగలు ఒక వాన తిన్నయి."

సదాశివకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. డిపోలో దుంగ వయసు ఎవరూ అడగరట, ఎన్ని వానలు తిన్నదని అడుగుతారట. కొట్టిన చెట్టు బండి దొరక్క అడవిలోనే పడి ఒక వానకాలం తడిస్తే అది ఒక వాన తిన్న దుంగ. రంపం పెట్టే ముందే ఆ సంగతి చెప్పడం కోతవాడి పని, మా ఆఫీసులో మాత్రం ఎవరూ అడగలేదు. సోమయ్య మాట ప్రకారం ఆ ఆరు చెట్లనూ ముద్ర పడడానికి ఏడాది ముందే కొట్టారు, వాటి లెక్క డెబ్బైఏడు నుంచి మొదలవ్వాలి.

"ఎట్లయినా సన్నగీత డెబ్బైరెండే అయితది గద," అన్నాడు సదాశివ విసుగ్గా. "ఒక్క దస్కతుకు నీకేం పోతది?"

"నా చెయ్యి పోతది సార్! రేపటిసంది నేను కోసిన బిళ్లను ఎవరు నమ్ముతరు? పర్మనెంటు లేకుంటే లేకపాయె, డిపోకే పోత. గా ఏడు నా బిడ్డ పోయింది. గా గీత మీద నాతోని ఝూట్ చెప్పిస్తరా?"

లొల్లి విని పక్కగదుల వాళ్లంతా వచ్చారు. సోమయ్య బిళ్లలన్నీ బల్ల మీద పోశాడు. "నంబర్ల మీద కాగితాలు అంటించమ్మా గోదమ్మా, అన్నీ కలిపెయ్," అన్నాడు. అంటించాను. సోమయ్య వీపు తిప్పుకుని నిలబడ్డాడు. నేను కలిపాక ఒక్కొక్క బిళ్లా తీసుకున్నాడు. అంచున ఉండే తెల్లచెక్కను చాకుతో గీకి వాసన చూశాడు. నీటిచుక్క వేసి ఎంతసేపట్లో పీలుస్తుందో చూశాడు. సూది మొనంత పురుగు బెజ్జాల మీద గోరు ఆనించాడు. కొన్నిటిని ఎడమకు, కొన్నిటిని కుడికి పెట్టాడు. ఒకదాని దగ్గర చాలాసేపు ఆగాడు. చివరకు దాన్ని కుడివైపుకే నెట్టాడు.

"గివి వాన తిన్నయి. నంబర్లు చూస్కోండ్రి."

కుడివైపు ఆరున్నాయి. సదాశివ కాగితాలు ఒక్కొక్కటే ఊడదీసి తన పట్టీతో పోల్చుకున్నాడు. అవే ఆరు. ఆయన నేను టైపు చేసిన కాగితాన్ని చింపబోయాడు.

సోమయ్య ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కూలీ మనిషి ఆఫీసరు చెయ్యి పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

"ఆగుండ్రి సార్. గోదమ్మా, గది అందరు వినంగ సదువు."

చదివాను. "నా అజాగ్రత్త వల్ల" అన్నచోట ఆగాను.

"ఎవరి అజాగ్రత్త?" అన్నాడు సోమయ్య.

నేను సదాశివ వైపు చూశాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"నాది," అన్నాడు.

"గట్లనే టైపు కొట్టమ్మా," అన్నాడు సోమయ్య. "దస్కతు సారు పెడ్తడు."