ఆ గడిలో అడ్డగీత

రక్తం తీసి తీసి విసుగొచ్చేసింది. తాడేపల్లిగూడెంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని నేను. గర్భిణి వస్తే సిఫిలిస్ అనే సుఖవ్యాధికి పరీక్ష తప్పనిసరి. పెళ్ళికాని పిల్లలకు అడిగితేనే చేస్తాం. నోరు తెరిచి అడిగేదెవరు?

కాలేజీల్లో రక్తపరీక్షల క్యాంపు పెట్టినప్పుడల్లా డాక్టరుగారు ఈ పరీక్ష కిట్లు కూడా ఇచ్చి, "ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడగండమ్మా, సరేనంటే చెయ్యండి" అనేవారు. నేను అడిగేదాన్ని కాదు. "పెళ్ళయిందా?" అనేదాన్ని. "లేదండి" అనగానే రిజిస్టరులో సిఫిలిస్ గడికి అడ్డగీత పెట్టేసేదాన్ని. మగపిల్లలకైతే ఆ ప్రశ్న కూడా లేకుండానే గీత. పరువుగల ఇళ్ళ పిల్లల్ని అలాంటివి అడగడమేమిటని నా మర్యాద. కిట్లు గడువు దాటాక పారేసేవాళ్ళం.

మొన్నామధ్య ఉంగుటూరు వైపు నుంచి ఐదో నెల గర్భిణి వచ్చింది. సిఫిలిస్ తేలింది. ఇంజెక్షన్లు చేయించుకుంటే బిడ్డకు ముప్పు తప్పుతుందనీ, భర్తనూ పరీక్షకు తీసుకురావాలనీ డాక్టరుగారు ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పారు. ఆ పిల్ల భర్తకు చెప్పింది, భర్త తల్లికి చెప్పాడు. మరుసటి వారం రెండో ఇంజెక్షన్‌కి అత్తగారే వెంట వచ్చింది.

"మావాడికెందుకండీ పరీక్ష? కొల్లేట్లో చేపల చెరువుల మీద పొద్దస్తమానం కష్టపడతాడండీ. రోగం బయటపడింది ఈ పిల్లకి కదండీ. పెళ్ళికి ముందే ఎక్కడో తెచ్చుకుంది. ఈ ఇంజెక్షన్లు అయిపోగానే పుట్టింట్లో దింపేస్తామండీ."

నాకు ఒళ్ళు మండింది. "మీ అబ్బాయికి పరీక్ష చెయ్యకుండా మీకెలా తెలుసండీ?" అన్నాను. ఆవిడ మొహం తిప్పుకుని మందుల కోసం వెళ్ళింది.

అప్పుడు ఆ పిల్ల నా బల్ల దగ్గరకొచ్చింది.

"మేడమ్, నేను గుర్తున్నానాండి? డిగ్రీలో ఉండగా మా కాలేజీ క్యాంపులో నాకు రక్తం తీసింది మీరేనండి. అప్పుడు నాకిది లేదని మీ పుస్తకంలో ఉంటుంది కదండీ. ఒక్క కాగితం రాసివ్వండి, మా ఆయనకి చూపిస్తాను."

పాత రిజిస్టరు తీశాను. పేరు దొరికింది. హిమోగ్లోబిన్ తొమ్మిది. బ్లడ్ గ్రూపు ఓ పాజిటివ్. ఆ పక్క గడిలో నా అడ్డగీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది. చచ్చేంత సిగ్గేసింది.

"ఏముందండీ?" అంది బల్ల మీదకు వంగి.

"ఆ పరీక్ష నేను చెయ్యలేదమ్మా."

"రక్తం తీశారు కదండీ," అంది.