డీసీ లైను కింద పొట్టి తాటిచెట్లు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఉగాది వెళ్లిన వారంలో నన్ను సిద్దిపేట వైపు వేశారు. ఉత్తరాదిన తయారైన కరెంటును దక్షిణాదికి తెచ్చే హెచ్‌వీడీసీ లైను, అంటే అధిక వోల్టేజీ డైరెక్ట్ కరెంటు లైను, అప్పుడు కుకునూరుపల్లి పొలాల మీదుగా సాగుతోంది. చీఫ్ మేనేజర్ హోదాలో టవర్ల మీద తీగలు లాగించే పని నాది. వానలు పడి దున్నకాలు మొదలయ్యేలోపు ముగించాలి.

మామూలు పెద్ద లైనుకు మూడు ఫేజుల తీగలు కావాలి. దీనికి ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, రెండు తీగల కట్టలు చాలు. దూరం బాగా ఎక్కువైనప్పుడు ఏసీ కన్నా నష్టమూ తక్కువ, కింద తీసుకునే జాగా కూడా తక్కువే. చిక్కల్లా ఏమిటంటే, రెండు చివర్లా ఉండే కన్వర్టర్ స్టేషన్లలో తప్ప దారి మధ్యలో ఆ కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి దించుకోలేం. ఈ మాట ఊళ్లో చెప్పడం నాకెప్పుడూ కష్టమే.

ఊళ్లోని కల్లు గీత కార్మికుల సంఘం పెద్ద లచ్చాగౌడ్ అంతా విని, "గట్లయితే ఎక్స్‌ప్రెస్ బస్సు లెక్కనన్నట్టు. మా ఊరి మీదికెల్లి పోతది గని, మా ఊర్ల ఆగది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఇంకేం చేయను?

నవ్వనిది నర్సాగౌడ్ అనే గీత కార్మికుడు ఒక్కడే. నిలబెట్టిన రెండు టవర్ల మధ్య తీగ వంకర పోదు. దాని కిందికి వచ్చే చెట్లను కొట్టేయాల్సిందే. అక్కడి తాటిచెట్లన్నీ గీసుకోవడానికి సంఘం అతనికి పంచిన వంతువే. చెట్టెక్కే మోకు నడుముకు కట్టుకుని వాటి ముందు నిలబడ్డాడు. పరిహారం వస్తుందని మా జూనియర్ ఇంజనీరు చెబితే, "పైసలు నాకు చెట్టెక్కుతయా?" అని కసిరాడు. పోలీసులను పిలుద్దామని జూనియర్ నా చెవిలో అన్నాడు. చట్టం మా వైపే ఉంది. అయినా ఆ మనిషి మాట నాకు అర్థం కాలేదు, అర్థం కాకుండా పోలీసులను పిలవడం నాకు నచ్చదు. పని ఆపించి లచ్చాగౌడ్‌ను అడిగాను.

అప్పుడు తెలిసింది. నర్సాగౌడ్ మునుపు చెట్టు మీది నుంచి పడి మోకాలు పాడుచేసుకున్నాడట. ఎత్తు చెట్లు ఎక్కలేడని సంఘం వాళ్లే తాటివనంలోని పొట్టి చెట్లను ఏరి అతనికిచ్చారు. ఇవి పోతే అతని గీత వృత్తే పోయినట్టు. మళ్లీ నాటిన తాటి కల్లు పారే నాటికి అతను ముసలివాడవుతాడు.

ఆ సాయంత్రం కల్లు అమ్మే మండువ దగ్గర సంఘం కూర్చుంది. నన్నూ కూర్చోమన్నారు. పోయే చెట్ల బదులు నర్సాగౌడ్‌కు ఏవి చూపాలన్నది మాట. చివరికి రాములు అనే గీత కార్మికుడు, "నా వంతుల పొట్టి చెట్లున్నయి. అవి నర్సన్న గీసుకుంటడు. నేను ఎత్తువి చూసుకుంట" అన్నాడు.

"గా బొజ్జతోటి ఎక్కుతవారా?" అన్నాడు లచ్చాగౌడ్.

"ఎక్కుడు మొదలువెడితే బొజ్జ గదే తగ్గుతదే."

తర్వాత ఒక్కొక్కరూ తమ పొట్టి చెట్టును వదులుకున్నారు. అంటే ప్రతివాడూ ఇంకాస్త ఎత్తు నుంచి పడే ప్రమాదాన్ని నెత్తికెత్తుకున్నాడు. నర్సాగౌడ్ తల దించుకుని నడుముకున్న మోకు విప్పాడు. "కొట్టున్రి సారు. గని పొద్దుగాల కల్లు దించినంక" అన్నాడు.

మర్నాడు కుంటుతూనే చెట్టు చెట్టూ ఎక్కి కల్లు నిండిన లొట్లు దించాడు. మాకు పోయబోతే, డ్యూటీలో తాగకూడదన్నాను. "డ్యూటీ దిగినంకనే రాన్రి" అన్నాడు. వెళ్లాను.

తీగలు వానలకు ముందే లాగాం. పై ఆఫీసు నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు ఆ మండువ దగ్గర కూర్చున్న వాళ్లది, నేను వాళ్లకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. చెట్టు పోతే ఎంత ఇవ్వాలో మా శాఖకు తెలుసు. ఆ చెట్టు ఆ మనిషికే ఎందుకు కావాలో అడగడం మా విధానంలో లేదు. ఆ తర్వాత నా కింద జరిగిన ప్రతి పనిలో గొడ్డలి కన్నా ముందు ఆ ప్రశ్న వెళ్లింది.