మనిషికి పిడికెడు పిండి

"ఇంటికి పోయి పొయ్యి ముట్టిస్తవా?" అని అడిగింది లూచమ్మ, కారు ఎక్కుతూ. "ముట్టిస్తనమ్మా" అన్నాను. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. నేను చెప్పింది అబద్ధం. ఇవాళ పక్కింటి కిటికీలోంచి నూనెలో వెల్లుల్లి వేగుతున్న వాసన వచ్చింది, ఆ అబద్ధం మళ్ళీ గుర్తుకొచ్చింది. అందుకే మా చెల్లెలి కూతురు సుజాతను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం తప్ప రాయడం రాదు.

లూచమ్మ అసలు పేరు లూచియా. యూనివర్సిటీలో చదువు చెప్పడానికి ఇటలీ నుంచి వచ్చి, క్యాంపస్ క్వార్టర్స్‌లో ఒక్కతే ఉండేది. తెలుగు మాలాంటి వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. నేను మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వెళ్ళి, ఇల్లు ఊడ్చి, గిన్నెలు తోమేదాన్ని. మా ఆయన పోయాక, ఆ సంవత్సరమే ఆ పనిలో చేరాను.

ఆదివారం పొద్దున ఇద్దరం తార్నాకలో రైతులు కూరగాయలు తెచ్చి అమ్మే సంతకు పోయేవాళ్ళం. అక్కడ యాదమ్మ దగ్గర నేనూ మా ఆయనా ఏళ్ళ తరబడి కొన్నాం. సంచి ఆయనే మోసేవాడు. ఆయన లేడని యాదమ్మతో చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంతకు పోయే రోజు మాత్రం నుదుటన బొట్టుబిళ్ళ అంటించుకొని, కొంగు మెడ చుట్టూ కప్పుకొనేదాన్ని.

"అన్న వస్తలేడేంది వదినా?" అనేది యాదమ్మ.

"డ్యూటీల ఉన్నడు."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఎప్పటిలాగే రెండు కిలోల వంకాయలు తీసుకొనేదాన్ని. ఇంట్లో అవి కుళ్ళిపోయేవి. నేను చాయ్‌లో బన్ను ముంచుకొని తిని ఊరుకొనేదాన్ని.

లూచమ్మకు అలాంటి సిగ్గు లేదు. వంకాయను చేతిలో తిప్పి, వాసన చూసి, "ఒక్కటి చాలు యాదమ్మా. నేను ఒక్కదాన్నే" అనేది.

"ఒక్క వంకాయకు తరాజు ఎత్తాల్నా? కొప్పుల పెట్టుకొని పో!" అని యాదమ్మ నవ్వేది. లూచమ్మ నిజంగానే కొప్పు మీద పెట్టుకొని చూపించేది.

ఒక ఆదివారం సంత నుంచి క్వార్టర్‌కు వచ్చాక లూచమ్మ, "ఆ రెండు కిలోలు ఎవరికి?" అని అడిగింది. వంటింటి గచ్చు మీద కూలబడి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. నన్ను లేపి, చేతులు కడిగించి, పిండి డబ్బా ముందు పెట్టింది.

"మా అమ్మకు గూడ మొగుడు పోయిండు. మనిషికి ఒక పిడికిలి పిండి అంటుండె. నువ్వు ఒక్కదానివైతే ఒక పిడికిలి. జీరో కాదు."

పిండిని గట్టిగా కలిపి, తాళ్ళలా సాగదీసి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కను బొటనవేలితో నొక్కి లాగమంది.

"అమ్మో, గివి మా గవ్వలే గదా! పాకంల ఏస్తం."

"పాకంలనా?" అని ముఖం చిట్లించింది లూచమ్మ.

గవ్వలు ఉడికించిన నీళ్ళు నేను పారబోయబోతే చేయి పట్టుకొని ఆపింది. ఆలివ్ నూనెలో వెల్లుల్లి, టమాట, ఆ ఒక్క వంకాయ వేసి మగ్గించి, అందులో గవ్వలు వేసి, గరిటెడు ఆ నీళ్ళే పోసింది. నేను నేల మీద కూర్చోబోతే కుర్చీ లాగింది. మా ఆయన పోయాక ఒకరి ఎదురుగా కూర్చొని తినడం అదే మొదటిసారి.

ఆమె ఉద్యోగం గడువు అయిపోయి, ఆ కారెక్కి ఇటలీకి వెళ్ళిపోయింది. రెండు వారాలు నేను పొయ్యి దగ్గరికి పోలేదు. ఊరికే క్యాంపస్ దాకా నడిచి, ఆ క్వార్టర్‌కు వేసిన తాళం చూసి వెనక్కి వచ్చేదాన్ని. మూడో ఆదివారం బొట్టుబిళ్ళ లేకుండా సంతకు పోయాను.

యాదమ్మ సంచి కోసం చేయి చాపింది.

"ఒక్కటే ఇయ్యి యాదమ్మా. మీ అన్న సచ్చిపోయిండు. ఏడాదిన్నర అయింది."

పక్కన కూరలు అమ్మేవాళ్ళు కూడా తిరిగి చూశారు. యాదమ్మ తరాజు దించింది. "గిన్ని దినాలు నాతోని దాస్తివా? నేను పరాయిదాన్నా?" అని తిట్టి, కొంగుతో ముక్కు తుడుచుకొని, కుప్పంతా కెలికి ఒక లేత వంకాయ ఏరింది.

ఇంటికొచ్చి వండుకున్నాను. లూచమ్మ చేతి రుచి రాలేదు. ఎదురుగా ఎవరూ లేరు. అయినా కూర్చొని తిన్నాను. ఇప్పటికీ డబ్బాలో చేయి పెట్టిన ప్రతిసారీ వేళ్ళు రెండో పిడికిలికి పోతాయి. ఆపుకుంటాను.

ఇంతే సుజాతా. మొదటి నుంచి చదివి వినిపించు బిడ్డా. మీ పెద్దనాయన చచ్చిపోయాడన్న చోట గొంతు తగ్గించకు.