వెనక్కి పారే ఏటి ఒడ్డు పారిష్

మొన్న శనివారం ఇక్కడ ఇంగ్లండులో, న్యూకాసిల్‌లోని మా పేట లైబ్రరీవాళ్లు పాతబడిన పుస్తకాలను గుమ్మం దగ్గర అట్టపెట్టెల్లో పెట్టి, కావలసినవాళ్లు పట్టుకుపొమ్మన్నారు. అడుగున వెతుకుతుంటే ఆకుపచ్చ అట్ట ఒకటి చేతికి తగిలింది. తూర్పు కెనడాలోని నదుల గురించి, ఊళ్ల గురించి రాసిన లావుపాటి పుస్తకం. లోపల అంటించిన కాగితం మీద, తిరిగి ఇవ్వాల్సిన తేదీల ముద్రలు వరసగా ఉన్నాయి. చివరి ఏడు ముద్రలూ నావే. నా తర్వాత దాన్ని ఎవరూ అడగలేదన్నమాట. అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను.

రెండు వేల మూడో, నాలుగో అయి ఉంటుంది. టైన్ నది పక్కన, ముసలివాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో కొత్తగా పనికి చేరాను. నంద్యాల దగ్గర పదో తరగతితో ఆగిన చదువు నాది. డ్యూటీల పట్టీలో సెలవు పడ్డ రోజు లైబ్రరీకి వెళ్లడం, డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని దొరికిందల్లా చదవడం, మర్నాడు అదంతా ఎవరికో ఒకరికి చెప్పందే ఉండలేకపోవడం నా జబ్బు. టీ వేళ నేను గొంతు సవరించుకుంటే చాలు, సగంమంది కప్పులు కడగడానికి లేచేవారు. లేవకుండా వినేది కిటికీ గదిలోని పెద్దాయన ఒక్కరే.

ఆయనది కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లెటూరి పారిష్. రెండో ప్రపంచ యుద్ధానికని సిపాయిగా ఇటు వచ్చి, ఈ ఊరి అమ్మాయిని పెళ్లాడి, ఓడలు కట్టే యార్డులో పనిచేసి, ఇక్కడే ఉండిపోయాడు. భార్య పోయింది. ఎనభై దాటాయి. కిటికీ కింద నదిని చూస్తూ, తమ ఊళ్లో ఏరు రోజుకు రెండుసార్లు వెనక్కి పారుతుందనేవాడు. వంతెనకు ఇంటికున్నట్టు పైకప్పు ఉంటుందట. పొలం గట్టు కింద ఒక చెక్క తలుపు ఉంటుందట; సముద్రం వస్తే దానంతటదే మూసుకుంటుందట, పోతే తెరుచుకుంటుందట.

షిఫ్టు ముగిసేలోగా ఒక్కొక్కరి గురించీ తిన్నది, పడుకున్నది, మాట్లాడినది రాసి పెట్టాలి. నేను మహా శ్రద్ధగా రాసేదాన్ని. "ఏరు వెనక్కి పారుతుందంటున్నారు, మతి స్థిమితంగా లేదు" అని గుండ్రటి అక్షరాలతో మూడు వారాలు రాశాను. మా వైపు కుందూ నదిలో ఎండాకాలం నీళ్లు ముందుకు పోతేనే గొప్ప. అవి వెనక్కి కూడా వస్తాయంటే ఎట్లా నమ్మేది?

ఒకరోజు మేనేజరమ్మ నా నోట్స్ చాలా స్పష్టంగా ఉన్నాయని మెచ్చుకుంది. వాటిని బట్టే, మతి తప్పినవాళ్లను ఉంచే వెనక వింగుకు పెద్దాయనను మార్చాలనుకుంటున్నామని, బుధవారం సోషల్ వర్కర్ వచ్చి తేలుస్తుందని చెప్పింది. ఆ వింగు తలుపులకు తాళాలు. కిటికీలు కార్ పార్కు వైపు. ఆయనకు చెబితే ఒక్కటే అడిగాడు.

"అక్కణ్ణుంచి నది కనిపిస్తుందా?"



ఆ వెనక గదిలో గోడకు అంటించడానికి ఆయన ఊరి బొమ్మయినా దొరుకుతుందేమోనని లైబ్రరీకి వెళ్లాను. అక్కడి ఆవిడ అడుగు అంతస్తులో చాలాసేపు వెతికి, ఈ ఆకుపచ్చ పుస్తకం తెచ్చింది. అందులో ఆయన పారిష్ మీద ఏకంగా ఒక అధ్యాయం ఉంది. పారిష్ అంటే చర్చి కింది ఇళ్లనుకునేదాన్ని. అక్కడ అది మన ఫిర్కాలాగా సర్కారు గీసిన హద్దట. మొదట అక్కడి ఆదివాసులు చేపలు పట్టుకున్నారు. తర్వాత ఫ్రెంచి రైతులు వచ్చి, ఉప్పు బురదకు గట్లు పోసి గడ్డిపొలాలు చేశారు. వాళ్లను ఇంగ్లీషువాళ్ల సైన్యం వెళ్లగొట్టింది. అవే గట్ల మీదికి ఇంగ్లండు నుంచి వేరేవాళ్లు వచ్చి కాపురం పెట్టారు. గట్టు కింద చెక్క తలుపు బొమ్మ ఉంది. పైకప్పున్న వంతెన ఉంది. సముద్రం పోటెత్తినప్పుడు ఏరు వెనక్కి పారుతుందని తేటగా రాసి ఉంది. చదువుతుంటే నా చెవులు కాలిపోయాయి.

మర్నాడు, మాతో పనిచేసే నరసాపురం అక్కకు చూపించాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

"దీనికి పుస్తకం ఎందుకే పిచ్చిమొహమా? మా గోదారికి రోజూ పోటొస్తాది. అంతెందుకు, ఈ టైనుకీ వస్తాది. ఇన్నాళ్లూ ఆ కిటికీ అద్దం తుడిచావు, ఒక్కసారైనా బయటికి చూశావా?"

చూడలేదు.

బుధవారం పుస్తకం చంకలో పెట్టుకుని, పిలవకపోయినా మీటింగుకు వెళ్లాను. ఆయన చెప్పినవన్నీ ఉన్నవేనని, తెలియక రాసింది నేనేనని చెప్పాను. సోషల్ వర్కర్ ఆ పేజీలు నింపాదిగా చదివింది. తర్వాత ఆయన పక్కన కూర్చుని, ఈ నది ఎప్పుడు తిరుగుతుందని అడిగింది. ఆయన ఒడ్డున తడి గీతను చూశాడు.

"ఇంకో పావుగంట."

అందరం కిటికీ దగ్గర నిలబడ్డాం. సముద్రం వైపు పోతున్న ఒక చెక్కముక్క నెమ్మదించి, ఆగి, కాసేపు ఎటూ తేల్చుకోలేనట్టు తిరిగి, మెల్లగా ఎగువకు బయల్దేరింది. మేనేజరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది. ఆ గది ఆయనకే ఉండిపోయింది.

నేను క్షమించమంటే ఆయన పుస్తకం పేజీలు తిప్పుతూనే అన్నాడు.

"నేనన్నదే కదా రాశావు. నమ్మలేదు, అంతే."

అప్పట్నుంచి గడువు పొడిగించుకుంటూ, వీలైనప్పుడల్లా చదివి వినిపించేదాన్ని. మధ్యలో ఆపి దిద్దేవాడు. రంపపు మిల్లు అవతలి ఒడ్డున ఉంటే, ఇవతలి ఒడ్డున అని రాశాడట ఆ రాసినాయన. అచ్చయినదాంట్లో తప్పుంటుందని అంతవరకు నాకు తోచలేదు. ఇంత చదువు నాకు ఏ బడీ చెప్పలేదు. నా ఏడో ముద్ర తేదీకి నాలుగు రోజుల ముందు, పెద్దాయన ఆ గదిలోనే పోయాడు. పుస్తకాన్ని గడువు దాటకుండా తిరిగి ఇచ్చేశాను.

ఇప్పుడది నా బల్ల మీద ఉంది. నా ఏడో ముద్ర కింద గడి ఖాళీగానే ఉంది. దీన్ని ఎప్పటికి తిరిగి ఇవ్వాలో ఈసారి ఎవరూ ముద్ర వేయలేదు.