తిన్నవా అని అడగని సంఘం

మా సంఘంలో వరసలు పెట్టి పిలవకూడదు. అన్నా, అక్కా, బాబాయ్ అన్నామంటే వాటి వెనకే వయసూ, కులమూ, పెత్తనమూ వచ్చి కూర్చుంటాయని పెద్దసారు సిద్ధాంతం. అందరం ‘మిత్రమా’ అనాలి. వరంగల్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు ఇదెంత కష్టమో చెప్పలేను. మాకు ఆటో నడిపేవాడు అన్న, కూరగాయలమ్మేది అక్క, ముక్కూ మొహం తెలియని ముసలాయన కూడా తాతే. నోరు జారినవాళ్ళు ఆ పూట టీ గ్లాసులన్నీ కడగాలని శిక్ష. మొదటి ఏడాది గ్లాసులు దాదాపు నేనే కడిగాను.

స్టేషన్ రోడ్డులో ఒక బట్టల దుకాణం మీద గది. నెలకో ఆదివారం అక్కడ కలిసేవాళ్ళం. దేవుడు లేడనేవాళ్ళు కొందరు, ఉన్నా లేకున్నా మనిషి మనిషిలా ఉంటే చాలనేవాళ్ళు కొందరు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన పెద్దసారు దాన్ని మొదలుపెట్టారు.

నేనూ మా ఆయనా సిద్ధాంతం నచ్చి ఆ మెట్లెక్కలేదు, దిక్కులేక ఎక్కాం. నాది మగ్గాల ఇల్లు. మా ఆయనది ముస్లిం ఇల్లు. వాళ్ళింట్లో మాట్లాడేదీ మా ఇంట్లో మాట్లాడే తెలుగే. ఆయన బస్ డిపోలో మెకానిక్, నేను హసన్‌పర్తి దగ్గర ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌ని. పెళ్ళి చేసుకుంటామంటే రెండిళ్ళ తలుపులూ మూసుకున్నాయి. కిరాయికి ఇల్లు అడిగితే ఆయన పేరు విని కొందరు, నా పేరు విని కొందరు, ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చామనేవాళ్ళు. రెంటికీ చెడ్డ రేవడి అంటే మేమే. అప్పుడు పెద్దసారు ఆ గదిలోనే రెండు దండలు తెప్పించి మా పెళ్ళి చేశారు. తనకు తెలిసినవాళ్ళ ఇల్లు కూడా ఇప్పించారు. మాకు మళ్ళీ నలుగురు దొరికారని ఆ రోజు నేను నిజంగా ఏడ్చాను.

ఆ తర్వాత మా ఆదివారాలన్నీ సంఘానివే. రక్తదాన శిబిరాలు పెట్టేవాళ్ళం. ఊళ్ళకు పోయి బాబాల మాయలు విప్పి చూపించేవాళ్ళం. రఘునాథపల్లిలో మా ఆయన నాలుక మీద కర్పూరం వెలిగించుకుంటే, మా పాప భయపడి ఏడ్చి కార్యక్రమం మొత్తం ఆపించింది. అన్నిటికంటే నాకిష్టమైంది ఏడాదికోసారి చెరువుగట్టు మీద భోజనం. ఎవరింట్లో వండింది వాళ్ళు తెచ్చి గిన్నెలన్నీ చాప మధ్యలో పెట్టేవాళ్ళం. బగారన్నం ఎవరిదో, సర్వపిండి ఎవరిదో తెలిసేది కాదు, అడగడానికీ వీల్లేదు. మా ఆయన తింటూనే వాదించేవాడు, వాదిస్తూనే తినేవాడు. చేతిలో ముద్ద గాల్లోనే ఉండిపోయేది.

ఇంతగా కలిసి తినే మనుషులం, ఒక్క చోట మాత్రం తినకూడదని రాసుకున్నాం. సంఘంలో ఒకతను పవర్‌లూమ్ నడిపేవాడు. తండ్రి పోతే కులపోళ్ళ మాటకు కట్టుబడి మేకలు, యాటలు కోసి, మందు పోసి దినాలు చేశాడు. ఆ అప్పు తీర్చలేక చివరికి మగ్గం అమ్ముకున్నాడు. మా అందరికీ కడుపు మండింది. అప్పుడు మా ఆయనే లేచి నియమం ప్రతిపాదించాడు. మన సంఘంలో ఎవరింట్లో చావు జరిగినా అక్కడ ఎవరూ తినొద్దు, అక్కడికి ఎవరూ తిండి తేవొద్దు, ఆఖరికి టీ కూడా వద్దు. గదంతా చప్పట్లు.

పోయిన వానాకాలం ఒక పొద్దున డిపోలో గుండె పట్టుకుని ఆయన కూలిపోయాడు. దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది. దేహం మెడికల్ కాలేజీకి ఇవ్వాలని ఆయన ఎప్పుడో రాసిపెట్టాడు. ఇంటికి తెచ్చేసరికి సంఘం వాళ్ళంతా వచ్చారు. కాగితాలు చూశారు, కాలేజీకి ఫోన్లు చేశారు, దండలు తెచ్చారు. పనికి వంక పెట్టలేను.

అంతలో మా బావగారు వచ్చారు. పెళ్ళైన తర్వాత మా గడప తొక్కడం అదే మొదలు. వరండాలో చెప్పులు విడిచి, తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. తర్వాత నన్నే అడిగారు.

“అమ్మా, మా తమ్మునికి మేం మట్టిచ్చుకుంటం. ఒప్పుకుంటవా?”

“ఆయన గట్ల రాసిపెట్టిండు, బావా. నేను మాట తప్పలేను.”

గొడవ చేస్తారేమో అనుకున్నాను. చెయ్యలేదు. రుమాలుతో కళ్ళు తుడుచుకుని లేచారు. గేటు దాకా పోయి మళ్ళీ వెనక్కి తిరిగారు. “పొద్దటి సంది ఇంట్ల పొయ్యి ముట్టియ్యకపోతిరి. పిల్ల ఉన్నది. మా ఇంటికాడికెల్లి జర అన్నం తెప్పియ్యాల్నా?”

నేను నోరు తెరవకముందే మా సంఘంలో ఉండే కుర్ర లెక్చరర్ చేతులు జోడించి, ఎంతో మర్యాదగా చెప్పాడు. “మా దగ్గర అసొంటివి లేవండి.”

బావగారు నా వైపు చూశారు. నేను దండల వైపు చూశాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయారు. మట్టి కాదన్నది నేను. అన్నం కాదన్నది వీళ్ళు. ఆ రెండోదాన్ని నేనివాళ్టికీ మింగలేకపోతున్నాను.

అంబులెన్స్ వెళ్ళాక ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళారు. పెద్దసారు కూడా ఉండలేదు. ఆయన భార్యకు పక్షవాతం, మంచం మీదుంది, ఆమెకు మందుల వేళ దాటిపోతోంది. మధ్యాహ్నానికి ఇంట్లో నేనూ, పద్నాలుగేళ్ళ నా బిడ్డా మిగిలాం.

మా మగ్గాలోళ్ళ ఇళ్ళల్లో చావైతే పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళే పెడతారు. మా ఆయన వైపూ అంతే, చుట్టాలే వండి పంపుతారు. రెండు మతాలకూ తెలిసిన ముచ్చట మాకు తెలియకుండా పోయింది. పక్కింటామె గోడ మీదుగా తొంగి చూసి లోపలికి పోయింది. ఆమెను అననూ అనలేను. వాళ్ళ మామ దినాలకు పిలిస్తే మా ఆయన తినకుండా వచ్చాడు, పైగా అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చి వచ్చాడు.

“అమ్మా, ఆకలైతాంది,” అంది నా బిడ్డ, తప్పు చేసినట్టు మెల్లగా.

వంటింట్లోకి పోయాను. లైటర్ చేతిలో ఉంది. నాకు నమ్మకాలేం లేవు, పొయ్యి వెలిగిస్తే ఏమీ కాదని తెలుసు. అయినా ఆయన వెళ్ళిన పూట ఆ మంట నేను పెట్టలేకపోయాను. బిడ్డ బిస్కెట్లు నీళ్ళలో ముంచుకుని తింది. తింటూ అడిగింది, “మనకిప్పుడు ఎవరున్నరమ్మా?”

నేను ఇంకో గ్లాసు నీళ్ళు ముంచి దాని ముందు పెట్టాను.

తర్వాతి ఆదివారం సంస్మరణ సభ. ఆయన ఫొటో ముందు అందరూ బాగా మాట్లాడారు. నియమం ప్రకారం టీ లేదు. చివర్లో నన్ను మాట్లాడమన్నారు.

“ఆయన గురించి మీరే చెప్పిన్రు. నేను ఒక్కటే అడుగుత. ఆయన పోయిన్నాడు నన్ను గానీ, నా బిడ్డను గానీ, తిన్నరా అని మీల ఎవరన్న అడిగిన్రా?”

ఎవరో ఒకరు లేచి, తప్పైంది అంటారనుకున్నాను. ఆ ఒక్క మాట చాలు, అన్నీ మర్చిపోదును. కుర్ర లెక్చరర్ లేచాడు.

“మిత్రమా, మీ బాధ అర్థమైతాంది. కానీ ఇయ్యాల అన్నం తెస్తం, రేపు మళ్ళ తెస్తం, చూస్తుండంగనే అది పదకొండో దినమైతది.”

“వండింది వద్దు, పండ్లు తేవొచ్చు గద,” అన్నారింకెవరో.

“పండ్లు మాత్రం తిండి కాదా?”

ఇక చూడాలి. మనిషికో మాట, మాటకో సవరణ. పెద్దసారు రెండుసార్లు చెయ్యెత్తారు గానీ ఆయన గొంతు ఎవరికీ వినిపించలేదు. చివరికి దీన్ని పరిశీలించడానికి కమిటీ వేశారు! నా మొగుడి ఫొటో ముందు కూర్చుని, పండ్లు తిండి కిందికి వస్తాయా రావా అని కొట్లాడుకునే మనుషులు ఈ సంఘంలో తప్ప ఇంకెక్కడా దొరకరు. నన్ను ఇంకా ఏడిపించిందేమిటంటే, ఆయనే గనుక బతికుంటే ఈ వాదనలో అందరికంటే గట్టిగా అరిచేది ఆయనే. బిడ్డ చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత పోలేదు. ఆదివారం వస్తే ఇల్లు తినేసేది. ఉతికిన బట్టలే ఉతికేదాన్ని. బావగారింటికి పోదామంటే మొహం చెల్లలేదు. మా పుట్టింటివాళ్ళు చావుకే రాలేదు. పెద్దసారు ఒకసారి ఇంటికి వచ్చి, డిపో నుంచి రావాల్సిన కాగితాలు ఎంతవరకు వచ్చాయని అడిగి వెళ్ళారు. ఆయన అడగాల్సింది అది కాదు. టీ ఇవ్వనా అని నేనూ అడగలేదు. పంతానికి ఇద్దరం సరిపోయాం.

మొన్న ఎండలు ముదిరే ముందు ఫోన్‌లో సంఘం గ్రూపులో కబురు వచ్చింది. పెద్దసారు భార్య పోయింది. వాళ్ళకు పిల్లలు లేరు. దేహం కాలేజీకేనని, మధ్యాహ్నం లోపు రమ్మని రాశారు. కింద వరసగా జోహార్లు. నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

“సారు తిన్నడో లేదో,” అంది నా బిడ్డ.

కోపంతోనే లేచి బియ్యం కడిగాను. నాకు పెట్టనివాళ్ళకు నేనెందుకు పెట్టాలని గొణుక్కుంటూ పప్పు వేశాను. ఇదేం నియమమని మొగుణ్ణి తిట్టుకుంటూ పచ్చిపులుసు పిసికాను. టిఫిన్ క్యారియర్ సర్దుకుని ఆటో ఎక్కేసరికి పొద్దు వాలుతోంది.

పెద్దసారు ఇంటి తలుపు తీసే ఉంది. అందరూ వచ్చి వెళ్ళిపోయారు. ఖాళీ మంచం పక్కన కుర్చీలో ఆయన ఒక్కరే కూర్చున్నారు, ఆమె మందుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని. నేను క్యారియర్ విప్పి పళ్ళెంలో అన్నం పెట్టాను.

“నియమం ఇంక మారలే, మిత్రమా,” అన్నారు. “కమిటీ ఏం తేల్చలే.”

“తెలుసు సార్.”

“మీ ఆయన ఉంటే ఒప్పుకునేటోడా?”

“ఒప్పుకోకపోతుండె. మీతోని పొద్దుమూకె దాక వాదిస్తుండె. వాదించుకుంటనే తింటుండె.”

ఆయన నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. పచ్చిపులుసు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, అలాగే ఏడ్చేశారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను ఊరుకోమనలేదు.

“పొద్దటి సంది అందరొచ్చిన్రు,” అన్నారు కాసేపటికి. “అందరు ధైర్యంగ ఉండుమన్నరు. ఒక్కలు అడగలే.” తర్వాత తలెత్తి నన్నూ, గుమ్మంలో నిలబడ్డ నా బిడ్డనూ చూశారు. “ఆనాడు నేను గూడ అడగలే.”

నేను గోడ వైపు తిరిగాను.

“నువ్వు తిన్నవా, బిడ్డా?” అని నన్నే అడిగారు.

తినలేదు. వండిన చేత్తోనే వచ్చేశాను. తల అడ్డంగా ఊపాను. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి, వంటింట్లోంచి ఇంకో రెండు పళ్ళేలు, మంచినీళ్ళ గ్లాసులు తెచ్చి మా ముందు పెట్టారు.

“కూసోండ్రి,” అన్నారు. “గ్లాసులు నేనే కడుగుత తియ్యి.”