మా బావమరిది కాపాడిన వంతెన

రైలు పట్టాల మీది నడక వంతెనను ఎత్తి నిలబెట్టింది నేను. పల్లెటూరి బడిలో పలక మీద దిద్దుకున్న చదువే నాది. అయినా క్రేను డ్రైవరు నా చేతి సైగ కోసం చూసేవాడు. నా చెయ్యి దిగితేనే దూలం దిగేది. గిడ్డంగుల కప్పులు, పెద్ద నీళ్ళ ట్యాంకు, ఈ వంతెన అన్నీ నా చేతుల మీదుగా పైకి లేచినవే. నేను వేసిన అతుకు విడిందన్న మాట ఎవరి నోటా రాలేదు. అయితే ఉక్కును ఎత్తడం కొన్నాళ్ళ పని, దాన్ని నిలుపుకోవడం ఒక జీవితం పని. ఆ రెండో పని చేసినవాడు మా ఆవిడ తమ్ముడు. ఈ నాలుగు మాటలు అతని గురించే.

అతన్ని అందరూ ఎర్రచేతులాయన అనేవారు. తుప్పు ఆపడానికి మొదట పూసే రెడ్ ఆక్సైడ్ అనే ఎర్రరంగు అతని గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. ఏటా వానలకు ముందు తాడు కట్టుకుని వంతెనకు వేలాడేవాడు. తుప్పు పొరను సుత్తితో రాల్చి, ఇనుము మెరిసేదాకా వైరు బ్రష్‌తో రుద్ది, రాత్రి తడి తగలకముందే ఎర్రరంగు పట్టించేవాడు. దాని మీద రెండు పూతలు. బోల్టు తలలకు వేరే చిన్న కుంచె.

“పెళ్ళికూతురికి కూడా ఇంత ముస్తాబు ఉండదు కదరా!” అని నేను ఆటపట్టించేవాణ్ణి.

“పెళ్ళికూతురు ఆ పూటకు నిలబడితే చాలు బావా. ఇది రోజూ నిలబడాలి” అనేవాడు.

వంతెన కాళ్ళు లోపల బోలుగా ఉండే చదరపు గొట్టాలు. పైనున్న బోల్టుల సందుల్లోంచి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికి అడుగున చిన్న కన్నాలు ఉంచాం. వాటిలోంచి గోధుమరంగు నీళ్ళు కారి, పక్కనే కొట్టు పెట్టుకున్న ఇస్త్రీ ఆయన బట్టల మూటల కిందికి పారేవి.

“నీ వంతెనకు జలుబు చేసిందయ్యా! ముక్కు చీదడానికి నా చొక్కాలే దొరికాయా?” అని అతను మా బావమరిదితో రోజూ గోల.

నేనప్పుడు వేరే చోట ట్యాంకు ఎత్తుతున్నాను. బావమరిది కన్నాలన్నీ లప్పంతో మూసేసి, నున్నగా రుద్ది, పైన రంగు వేశాడు. ఇస్త్రీ ఆయన కొట్టు పొడిగా ఉంది, వంతెన అద్దంలా ఉంది. అందరూ సంతోషించారు.

ఏళ్ళు గడిచాక, నడుస్తుంటే వంతెన ఊగుతోందని ఎవరో చెబితే ఇంజనీరమ్మ చూడడానికి వచ్చింది. ఇంత శుభ్రంగా చూసుకున్న వంతెనను తానెక్కడా చూడలేదంది. మావాడి ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆమె ఇనుప పలక మందం చూపించే యంత్రాన్ని వంతెన కాలికి ఆనించింది. మళ్ళీ ఆనించింది. వెంటనే అడుగున డ్రిల్లు పెట్టించింది. నొక్కకుండానే అది లోపలికి దిగిపోయింది. నల్లటి నీళ్ళు, తుప్పు పెచ్చులతో సహా బుడబుడ కారాయి. మిగతా కాళ్ళూ అంతే.

“ఇక్కడ కన్నాలు ఉండాలే?” అంది.

“నేనే మూశానమ్మా. కారుతోందని.”

ఆమె కోప్పడలేదు. “నీళ్ళు లోపలే నిలిచి తినేశాయండీ. దీన్ని దించెయ్యాల్సిందే.”

నేను ముందుకొచ్చాను. “అమ్మా, ఇది నేను ఎత్తిన వంతెన. పలకలు వేసి అతుకుతాను.”

“అతకడానికి కింద గట్టి ఇనుము ఉండాలి కదా పెద్దాయనా. సరే, చూడండి.”

వెల్డింగ్ రాడ్ తగిలించాను. కాగితానికి నిప్పంటినట్టు కన్నం పెద్దదైంది. జానెడు పైన తగిలించినా అదే. అతుకు వేద్దామంటే అంచు లేదు.

“బావా, ఇంకొంచెం పైన చూడవా!” అన్నాడు బావమరిది. ఎన్నడూ నన్ను అలా బతిమాలలేదు.

“పైన బాగుంటే ఏం లాభంరా? కాళ్ళే లేవు.”

ఇస్త్రీ ఆయన నసిగాడు. “నేను గోల చెయ్యకుండా ఉంటే బాగుండేదయ్యా.”

“నువ్వు బట్టల సంగతి చెప్పావు. ఇనుము సంగతి చూసుకోవాల్సింది నేను” అన్నాడు మావాడు.

చదివేవారికి ఒక్క మాట. మీ మేడమెట్లకో, షెడ్డుకో గొట్టపు కాళ్ళుంటే ఒకసారి వంగి అడుగున చూడండి. నీళ్ళు కారుతుంటే కారనివ్వండి. అవి ఎక్కణ్ణుంచి దిగుతున్నాయో పైన వెతికి, అక్కడ మూయండి. రంగు చూసి మాత్రం ధీమా పడకండి.

దించే రోజు వచ్చింది. గ్యాస్ కట్టర్ పట్టుకున్న మేస్త్రీ కాళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీసి తల పట్టుకున్నాడు. “ఎవరు వేశారయ్యా ఇంత రంగు? దీనికి మంట తగిలితే విషపు పొగ వస్తుంది. గీత పొడుగునా గీకితే గానీ కొయ్యలేం.”

బావమరిది ఇంటికెళ్ళి తన గీకుడు పట్టీ తెచ్చుకున్నాడు.

“నీకెందుకురా? వాళ్ళ పాట్లు వాళ్ళు పడతారు” అన్నాను.

“వాళ్ళు అడ్డదిడ్డంగా గీకుతారు బావా.”

నిచ్చెన ఎక్కాడు. ఆకుపచ్చ పొర రాలింది, దాని కింద బూడిదరంగు, దాని కింద ఎరుపు. కొన్ని పూతలు ఏ ఏడు వేశాడో చెబుతూ గీకాడు. నేను నిచ్చెన పట్టుకున్నాను. నా చేతులకు అక్కడ వేరే పని లేదు.

ఒక్కో కాలి చుట్టూ మెరిసే ఇనుము సన్నటి పట్టీలా, ఎక్కడా వంకర లేకుండా బయటపడింది.

“సరిపోయింది, ఇక ఇద్దరూ పక్కకు రండి” అని మేస్త్రీ మంట వెలిగించాడు.

ఇద్దరం పక్కకు వచ్చాం.